గ్రంథస్వామ్య మెరిగిన గ్రంథపాలకుడు

సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు 2017వ సంవత్సరమున దివంగతులైరి. వారి కావ్యములపై గ్రంథస్వామ్యము, 1957వ సంవత్సరపు చట్టము ననుసరించి, 2077వ సంవత్సరాంతము వరకు నిలుచును. న్యాయమే, కవి శ్రమకు వెల యుండవలెను గదా. కాని యంతలో నే పుస్తకమైన నంగళ్లలో దొరకక, గ్రంథాలయమందలి ప్రతి చెదలపాలగుచుండిన నేమి చేయవలెను? నకలు తీయుట నేరమని వెరచి యూరకుండుట సులభము. అయితే, దేశమున విక్రయమునకు లభింపని పుస్తకమునకు, లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము తన యుపయోగమునకై మూడు ప్రతులకు మించకుండ తీసికొనవచ్చునని యా చట్టమునందలి 52వ విభాగమే చెప్పుచున్నది. విశ్వవిద్యాలయ గ్రంథాలయ మట్టి ప్రజాగ్రంథాలయ మగునా? ఆ పుస్తకము నిజముగా నెచ్చటను విక్రయింపబడుట లేదా? ఇట్టివి విచారించుటకే యొక నిపుణుని నియమించుట యాడంబరమని కొంద రనవచ్చును. నాకట్లు తోచదు. రేపు జగిత్యాల బాలికయో, కోరుట్ల బాలుడో ఉస్మానియాకు పోయి యడుగునది ఆ చెదలు తినుచున్న పుస్తకమునే కావచ్చును.