పక్షవాతం చెప్పకుండా రాదు

రాత్రి బాగానే పడుకున్నాడు, తెల్లారేసరికి చెయ్యీ కాలూ పడిపోయాయి అంటారు. పక్షవాతం గురించి మన ఊళ్లలో వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఇదే. ఇది పిడుగులాంటిది, ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పలేరు అనే తీర్పు అందులో ఉంది. పరిశోధనలు చెప్పేది వేరు. మన దేశంతో సహా 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2016లో తేల్చిందేమిటంటే, పది కారణాలను కలిపి చూస్తే దాదాపు 90 శాతం పక్షవాతాలకు లెక్క దొరుకుతుంది. పొగాకు, మధుమేహం, మద్యం, గుండె జబ్బులు, నడుము చుట్టూ కొవ్వు, ఒళ్లు కదపకపోవడం అన్నీ ఆ జాబితాలోవే. అయితే ఆ పదీ సమానం కావు. అధిక రక్తపోటు ఒక్కదాని వాటాయే సగానికి దగ్గరగా ఉంది. పక్షవాతం విషయంలో మన భయం, డబ్బు, ప్రభుత్వ శ్రద్ధ అన్నీ పెద్దాసుపత్రి గుమ్మం దగ్గరే పోగుపడుతున్నాయి. అవి ముందుగా చేరాల్సింది ఊళ్లోని బీపీ మిషన్ దగ్గరికి అని నా వాదన.

ఇందుకు జపాన్‌ను మించిన సాక్ష్యం లేదు. 1951 నుంచి 1980 దాకా ఆ దేశంలో మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. ఉత్తరాన ఉన్న అకిటా ప్రాంతం మరీ అధ్వాన్నం. అక్కడి రైతుల్లో స్థూలకాయులు తక్కువ. మాంసం, నూనె తినేదీ తక్కువే. పొద్దస్తమానం పొలంలో ఒళ్లు వంచేవాళ్లు. మనవాళ్ల లెక్కలో అయితే వాళ్లకు ఏ జబ్బూ రాకూడదు. కానీ చలికాలమంతా ఉప్పులో ఊరేసిన కూరగాయలు, సోయా ముద్దతో చేసే ఉప్పటి మిసో పులుసుతోనే అన్నం తినేవారు. 1950లలో అక్కడ మనిషి రోజుకు తిన్న ఉప్పు 25 గ్రాములు దాటిందని అంచనా. 1960ల నుంచి ఊరూరా బీపీ చూడటం, ఎక్కువున్నవారికి మందులివ్వడం, ఉప్పు తగ్గించమని ఇంటింటికీ చెప్పడం మొదలైంది. 1961 నాటికి అందరికీ ఆరోగ్య బీమా అందింది. ఫ్రిజ్‌లు రావడంతో ఊరేసి దాచుకునే అవసరమూ తగ్గింది. 1965 తర్వాత పాతికేళ్లలో జపాన్‌లో పక్షవాతం మరణాల రేటు 80 శాతం దాకా పడిపోయింది. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని రుజువైంది 1995లో. జపాన్ గెలుపు చాలావరకు అంతకుముందే పూర్తయింది.

మన కంచంలోకి చూసుకుంటే అకిటా మరీ దూరంగా అనిపించదు. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప, పైన బేకరీ సరుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటే మనం అంతకు ఎంతో ఎక్కువ తింటున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో ఆడవారిలో సుమారు నాలుగో వంతుకు, మగవారిలో అంతకన్నా ఎక్కువ మందికి బీపీ ఉంది. తల తిరిగితేనో, కోపం వస్తేనో బీపీ ఉన్నట్టని చాలామంది నమ్మకం. నిజానికి చాలామందిలో దానికి ఏ లక్షణమూ ఉండదు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు గట్టిపడి, ఒకచోట మూసుకుపోతాయి, ఇంకోచోట చిట్లుతాయి. తెల్లారేసరికి పడిపోయిన చెయ్యి వెనుక పదిహేనేళ్ల కథ ఉండొచ్చు.

బిళ్లలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి, కిడ్నీలు పాడవుతాయి అన్నది తరచూ వినే అభ్యంతరం. మొదటి సగం చాలామంది విషయంలో నిజమే. రెండో సగం తలకిందుల మాట. కిడ్నీలను పాడుచేసే పెద్ద కారణాల్లో అదుపు తప్పిన బీపీ ఒకటి. పెద్ద వయసులో బీపీ మామూలే కదా అంటారు. అమెరికాలో 60 దాటిన 4,736 మందిపై జరిగి 1991లో వెలువడిన షెప్ అధ్యయనంలో, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే చవకైన మాత్రతో మొదలుపెట్టిన వైద్యమే పక్షవాతాన్ని 36 శాతం తగ్గించింది. ఉప్పు తగ్గిస్తే ముద్ద దిగదన్న అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. రుచి మాటలతో మారదు. చైనాలో 600 పల్లెల్లో మామూలు ఉప్పుకు బదులు కొంత పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి చూశారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. కిడ్నీ జబ్బున్నవారు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు జోలికి పోకూడదు.

అయితే అత్యవసర వైద్యం దండగా? కానే కాదు. మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందు కోసం తిరగకుండా 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది. కాని మారుమూల తండా నుంచి ఆ గడువులోగా చేరేవారు ఎందరు? నెలనెలా మాత్ర అందించడం అంతకన్నా తేలిక. దేశంలో 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో చేసిన పని చాలా సాదాది: అందరికీ ఒకే చికిత్స క్రమం, పీహెచ్‌సీలో మందుల నిల్వ, రోగుల నమోదు, రానివారిని వెతికి పట్టుకోవడం. రిబ్బన్ కత్తిరించడానికి వీలులేని ఇలాంటి పనికి బడ్జెట్‌లో పెద్దపీట వేయమని ప్రభుత్వాలను అడగాలి.

ముప్పై దాటినవారు ఈ నెలలోనే ఒకసారి బీపీ చూపించుకోండి. పై అంకె 140కి గానీ కింది అంకె 90కి గానీ చేరితే మరో రోజు మళ్లీ చూపించుకుని డాక్టరును కలవండి. మాత్రలతో అంకె తగ్గిందని మీ అంతట మీరు మానేయకండి, అది తగ్గింది ఆ మాత్రల వల్లే.