యంత్రం ఎల్లారెడ్డికి వస్తే ఏ తెలుగు వింటుంది?

తలకు టోపీలా తొడుక్కొని, అటూ ఇటూ కదులుతూ, పక్కవారితో మాట్లాడుతూ ఉండగానే మెదడులో భాష ఎప్పుడు ఎక్కడ మెదులుతున్నదో చూపగల యంత్రాలు వచ్చాయి. వీటిని గురించి వైద్యులూ భౌతికశాస్త్రజ్ఞులూ చెప్పవలసినవి చాలా ఉన్నాయి. తెలుగు పండితులు చెప్పవలసిన మాట కూడా ఒకటున్నదని నా అభిప్రాయం. కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఆ మాట నేనే విన్నవించుకుంటాను.

మెదడు పనిచేసేటప్పుడు పుట్టే అయస్కాంతక్షేత్రం భూమి అయస్కాంతక్షేత్రం కన్నా కోట్ల రెట్లు బలహీనమైనది. దాన్ని పట్టుకోవడానికి పాత యంత్రాలకు ద్రవ హీలియం కావాలి. అంటే సున్నాకు దిగువన 269 డిగ్రీల చలి. పరీక్షకు వచ్చిన మనిషి ఆ పెద్ద పాత్ర కింద తల దూర్చి శిలాప్రతిమలా కూర్చోవాలి. 2018లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమూ, లండన్ యూనివర్సిటీ కాలేజీ వారూ కలిసి, రుబీడియం ఆవిరితో పనిచేసే చిన్న చిన్న సాధనాలను శిరస్త్రాణంలో అమర్చి, మనిషి తల ఊపుతూ, తాగుతూ, బంతి ఆడుతూ ఉండగానే కొలిచి చూపారు. ఇటువంటి సాధనాలతోనే భాషనూ పరీక్షించారు. ఒక నామవాచకం ఇచ్చి, దానికి తగిన క్రియను మనసులో అనుకొమ్మనడం ఆ పరీక్ష. నాగలి అంటే దున్నడం అన్నమాట. (మన తెలుగువాడైతే సగం నామాలకు "చేయు" తగిలించి గట్టెక్కుతాడు. అది వారికి తట్టి ఉండదు!)

శాస్త్రం చదువుకొన్నవారికి ఈ విషయంలో ఒక ముచ్చట ఉన్నది. వాక్యానికి అర్థం కలగాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన పెద్దలు చెప్పారు. యోగ్యత లేని వాక్యానికి వారిచ్చే ఉదాహరణ నిప్పుతో తడపడం. 1980లో అమెరికాలో కుటాస్, హిల్యార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇటువంటి వాక్యాలనే చదివించి, తలమీది విద్యుత్తును కొలిచారు. పొసగని మాట కంటబడిన సుమారు 400 మిల్లీసెకన్లకు ఆ గీత ఒక ప్రత్యేకమైన వంపు తిరిగింది. యోగ్యతాభంగానికి మెదడు పెట్టే చేవ్రాలు అది. ఇవన్నీ మనవాళ్ళు ముందే కనిపెట్టేశారని చంకలు గుద్దుకొనేవారితో నాకు పొత్తు లేదు. మన పెద్దలు భంగాన్ని గుర్తించారు, వీరు దాని ఘడియను గుర్తించారు. రెండూ వేరు వేరు పనులు.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారూ, వారి సహచరులూ 648 మంది మతిమరపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష తెలిసినవారికన్నా రెండు మూడు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయిందని తేలింది. అక్షరం రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. కనుక ఇది కేవలం బడి పెట్టిన భిక్ష కాదు, వీధి పెట్టినది కూడా. అయితే ఆలస్యం ఎంతో చెప్పిన ఆ పరిశోధన, భాష మార్చే క్షణాన మెదడులో ఏమి జరుగుతుందో చెప్పడానికి ఉద్దేశించింది కాదు. తొడుక్కొనే యంత్రాల అవసరం అక్కడ పడుతుంది.

ఆ క్షణాలకు మా వైపు కొరత లేదు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల తండా నుంచి అంగడికి వచ్చిన తల్లి, బిడ్డతో గోర్ బోలీలో మాట్లాడుతుంది, కూరగాయలు తెలుగులో బేరం చేస్తుంది, బట్టల దుకాణంలో దక్కనీ ఉర్దూలోకి మారుతుంది. జుక్కల్, మద్నూరు దిక్కు పోతే మరాఠీ, కన్నడమూ కలుస్తాయి. గదిలో కూర్చోబెట్టి తెరమీద మాటలు చూపిస్తే ఈ విద్య బయటపడదు.

నా భయం మరొకటి. యంత్రానికి కావలసిన వాక్యాలు ఎవరు రాస్తారు? "మా నాన్నగారు సంతకు వెళ్ళారు" అన్న వాక్యమే తెలుగు అనుకొని పరీక్ష తయారుచేశారనుకోండి. "మా బాపు అంగడికి పోయిండు" అనే పిల్లవాడి మెదడు ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం తడబడవచ్చు. ఆ తడబాటు రూపానికి సంబంధించినదే గాని, తెలివికి సంబంధించినది కాదు. కాని గీత గీతే. రేపు దాన్ని చూసి "ఈ ప్రాంతపు పిల్లల్లో భాషాగ్రహణం మందం" అని ఎవరైనా రాస్తే? ఇంట్లో గోర్ బోలీ మాట్లాడి, బడిలో మొదటిసారి తెలుగు వినే తండా పిల్లకు మొద్దు అన్న పేరు పెట్టడం నేను ఉపాధ్యాయుల గదుల్లో ఎన్నోసార్లు విన్నాను. అప్పుడది నోటిమాట, ఎదురు చెప్పడానికి వీలుండేది. యంత్రం ముద్రవేసిన కాగితానికి ఎవరు ఎదురు చెబుతారు?

యంత్రాలకూ పక్షపాతం ఉన్నది మరి. రుబీడియం సాధనాలకు బయటి అయస్కాంతక్షేత్రాన్ని అడ్డుకొనే ప్రత్యేకమైన గది కావాలి. అంగట్లో వాటిని తిప్పడం ఇప్పట్లో జరిగే పని కాదు. అంగడికి రాగలిగినది పరారుణ కాంతిని నెత్తిలోకి పంపి, రక్తంలోని ప్రాణవాయువు మార్పులను చూసే టోపీ. ఆ కాంతిని నల్లని ఒత్తైన జుట్టు మింగేస్తుంది. దట్టమైన నల్లజుట్టు గలవారి కొలతలు సరిగా రాక లెక్కలోంచి జారిపోతున్నారని పరిశోధకులే ఒప్పుకొంటున్నారు. మన ఆడపిల్లల జడల సంగతి వేరే చెప్పాలా!

అందుచేత నేను కోరేది ఇది. మన విశ్వవిద్యాలయాలవారు ఇటువంటి పరీక్ష మా పిల్లలకు పెట్టదలచితే, టోపీ కొనక ముందు వాక్యాలు పోగుచేయాలి. వాటిని హైదరాబాదులో కూర్చొని రాయవద్దు. ఎల్లారెడ్డి బస్టాండులో ఒక పూట, తండాలో ఒక పూట కూర్చొని వినాలి. రాసుకొన్న వాక్యాలను ముందుగా అక్కడి ముసలమ్మకు చదివి వినిపించాలి. "గిట్లెవరంటరు సారూ?" అని ఆమె నవ్విన వాక్యాన్ని కొట్టివేయాలి.