డిప్రెషన్ మందుకు పది రోజుల కోర్సు లేదు

"పది రోజులు వాడింది డాక్టరుగారూ, ఏమీ గుణం కనబడలేదు. అందుకే మాన్పించాను." డిప్రెషన్‌తో కుంగిపోయిన భార్యను మళ్ళీ ఓపీకి తీసుకువచ్చిన ఒక రైతు అన్న మాట ఇది. తప్పు ఆయనది కాదు. చీటీ మీద మందు పేరు, పక్కన 1-0-0 అని మాత్రమే వ్రాసి పంపినవాడిని నేను. ఎంతకాలం వాడాలో వ్రాయలేదు, చెప్పనూ లేదు. ఆనాటి రద్దీ సాకు కాజాలదు.

జ్వరం మాత్రలకు, యాంటీబయాటిక్‌లకు అలవాటుపడిన మనకు మందంటే మూడు రోజులో, అయిదు రోజులో అన్న లెక్క స్థిరపడిపోయింది. ఈ మందుల లెక్క వేరు. ఎస్సిటలోప్రామ్‌ను తరచు 5 మిల్లీగ్రాములతో ప్రారంభించి 10కి పెంచుతాము. వికారం, తలనొప్పి, నిద్ర చెదరడం వంటివి మొదటి వారంలోనే రావచ్చు. మనసు తేలికపడడం మాత్రం సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకు గాని తెలియదు. ఇబ్బంది ముందు, మేలు తరువాత. ఈ వరుస తెలియని రోగి మందు మానివేయడంలో వింత లేదు. 25 ఏళ్ళలోపువారిలో తొలి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉన్నది కనుక ఇంటివారు కనిపెట్టి ఉండాలి. అటువంటి మాట వినబడితే వెంటనే వైద్యునికి చెప్పాలి. 14416కు ఫోన్ చేసినా టెలి మానస్ వారు పలుకుతారు.

రెండవ ప్రమాదం కోలుకున్నాక వస్తుంది. "బాగున్నాను, ఇంకెందుకు?" అంటారు. బాగుపడిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలి. జబ్బు తిరగబెట్టినవారికి ఇంకా ఎక్కువ కాలం. పెరాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి హఠాత్తుగా ఆపితే తల తిరుగుతుంది, ఒంట్లో కరెంటు కొట్టినట్లుంటుంది. దానిని చూసి "మందుకు బానిసైపోయాడు" అంటారు. అది వ్యసనం కాదు. క్రమంగా తగ్గించవలసిన మందును ఒక్కసారిగా ఆపిన ఫలితం. ఫ్లూఆక్సిటిన్ శరీరంలో వారాల తరబడి నిలుస్తుంది కనుక దానితో ఈ బెడద తక్కువ. ఏ మందైనా, ఒక పూట మరచిపోతే మరునాడు రెండు మాత్రలు వేసుకోరాదు.

పదిహేను రోజులకు సరిపడా మాత్రలిచ్చి పంపితే, అవి అయిపోగానే వైద్యమూ అయిపోయిందనుకుంటారు. మోతాదు క్రింద "నన్ను అడగకుండా ఆపవద్దు, ఫలానా తేదీన రండి" అని తెలుగులో వ్రాయడానికి ఒక్క నిమిషం చాలు.

ఆమెకు మందు తిరిగి ప్రారంభించాను. ఆరవ వారంలో ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఎప్పుడు ఆపవచ్చునని అడిగింది. ఈసారి నెల పేరు చీటీ మీద వ్రాసి ఇచ్చాను.