సోఫా ఎవరి కోసం?

చెదల నుంచి, పిల్లి గోళ్ల నుంచి సామాను కాపాడుకునే పని దుకాణంలోనే మొదలవుతుంది

మూడేళ్ల క్రితం మా ఇంటికి కొత్త సోఫా వచ్చింది. ‘‘అసలు సిసలు టేకు సార్, మీ మనవలు కూడా దీనిమీదే కూర్చుంటారు’’ అన్నాడు దుకాణదారు. మనవల సంగతి దేవుడెరుగు, రెండో వానాకాలానికే సోఫా కింద పిండి జల్లినట్టు సన్నటి పొడి కనిపించింది. ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్లీ అంతే. వెనక్కి తిప్పి చూస్తే కర్ర నిండా గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు. పైనున్న బట్ట సంగతి మా పిల్లి అప్పటికే చూసుకుంది.

పురుగుల మందు కొట్టే మనిషిని పిలిచాం. అరగంటలో పని ముగించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో పిల్లి ఉందని మేం చెప్పలేదు, అతను అడగలేదు. ఆ సాయంత్రం అది తడి ఆరని సోఫా ఎక్కి దిగి, తీరిగ్గా పాదాలు నాక్కుంది. రాత్రి పదింటికి ఒళ్లంతా వణుకు, నోట్లో నురగ. పశువైద్యుడు రెండు రోజులు సెలైన్ ఎక్కించి బతికించారు. మందు డబ్బా మీద పేరు చదివి ఆయన చెప్పింది ఒకటే మాట: ఇది పెర్మెత్రిన్, కుక్క తట్టుకునే మోతాదు కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

సామాను కొనేటప్పుడు చూసుకోవలసింది చూసుకోకుండా, తర్వాత మందులతో కాపాడుకోబోతే డబ్బుకు డబ్బు పోతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. మేం నేర్చుకున్నది ఇదే.

చేవ చూడండి

పాతకాలపు వడ్రంగి చెట్టు పేరొక్కటే అడిగి ఊరుకునేవాడు కాదు, చేవ ఎంత ఉందో చూసేవాడు. దుంగ నడిమధ్యన ముదురు రంగులో ఉండే భాగమే చేవ. టేకుకు అంత పేరు రావడానికి కారణం ఆ చేవలో సహజంగా ఉండే నూనెలాంటి పదార్థాలు. చెదలు అంత తేలిగ్గా దాని జోలికి రావు. బెరడును ఆనుకుని ఉండే తెల్లకర్రకు ఈ గుణం లేదు. పైగా అందులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి కర్రను తొలిచే పురుగుకు అది విందు భోజనం. లేత చెట్టును కొడితే వచ్చేది ఎక్కువగా తెల్లకర్రే. రంగు కలిపిన పాలిష్ పడ్డాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా దుకాణదారు అబద్ధమేమీ ఆడలేదు. అది టేకే, కాకపోతే చేవలేని టేకు.

అందుకని పాలిష్ లేని చోటు చూడండి. సోఫాను తిరగేయమనండి, సొరుగు బయటకు లాగి దాని అడుగు చూడండి. రబ్బరు కర్ర సామాను చౌకగా, చూడ్డానికి బాగానే ఉంటుంది. పాలివ్వడం మానేసిన రబ్బరు చెట్లనుంచి వచ్చే ఈ కర్ర సహజంగా పురుగును తట్టుకోలేదు. రసాయనంతో శుద్ధి చేశారా లేదా అన్నది అడిగి తీరాలి.

ప్లైవుడ్ అయితే ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ప్రమాణం సంఖ్య చూడాలి. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి. అందులోనూ ఎంఆర్ కన్నా బీడబ్ల్యూఆర్ రకం తడిని బాగా తట్టుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ నీళ్లు తగిలితే అంచుల దగ్గర ఉబ్బిపోతాయి, మళ్లీ మామూలు కావు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో, ఇంకా అలవాటు పడని కుక్కపిల్ల ఉన్న ఇంట్లో నేలకు ఆనే సామాను వీటితో చేయించకపోవడం మంచిది. కాళ్లు కనీసం నాలుగైదు అంగుళాల ఎత్తున్న సోఫా, మంచం తీసుకోండి. కింద తుడవడానికి వీలవుతుంది, పురుగు పడితే ముందే కంటపడుతుంది.

గోళ్లకు దొరకని బట్ట

పిల్లి ఉన్న ఇంటికి వదులు నేత, పైకి తేలిన పోగులు ఉన్న బట్ట పనికిరాదు. గోరు చిక్కుకున్న ప్రతిసారీ ఒక పోగు లేస్తుంది. నేత దగ్గరగా ఉన్న కాన్వాసు, మైక్రోఫైబర్, పొట్టి నూగున్న వెల్వెట్ నయం. వాటిలో గోరు దిగడానికి పట్టు దొరకదు. అసలు తోలు మీద గీత పడితే పోదు. రెక్సిన్, కృత్రిమ తోలు విశాఖ, చెన్నై, ముంబై లాంటి ఉక్కపోత ఊళ్లలో పిల్లి అవసరం లేకుండానే పొరలుగా ఊడిపోతాయి. అన్నిటికన్నా తెలివైన పని జిప్పున్న తొడుగులు కుట్టించుకోవడం. ఊడదీసి ఉతుక్కోవచ్చు.

అది కోపం కాదు

పిల్లి సోఫాను గీకేది మనమీద కసితో కాదు. గోటి పైపొర ఊడగొట్టుకోవాలి, ఒళ్లు విరుచుకోవాలి, పాదాల్లోని గ్రంథుల వాసనతో ఇది నా చోటని గుర్తు పెట్టుకోవాలి. కొడితే మానదు, మనం చూడనప్పుడు గీకుతుంది. దానికి వేరే చోటు చూపించడమే మార్గం. మన అమ్మమ్మల ఇళ్లలో నులకమంచం ఉండేది. పిల్లి దాన్ని గీకినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు ఆ పని చేసేది కొబ్బరితాడు చుట్టిన గుంజ. పిల్లి ఒళ్లు పూర్తిగా సాచేందుకు మూడడుగుల ఎత్తు ఉండాలి, ఆనుకుంటే ఊగకూడదు. మూలనెక్కడో కాక, అది గీకే సోఫా పక్కనే పెట్టాలి. అలవాటయ్యాక రోజుకు కాస్త చొప్పున జరుపుకోవచ్చు. రెండు మూడు వారాలకోసారి గోటి మొనలు కత్తిరిస్తే చాలు.

కుక్కపిల్లకు మూడో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్ల దురదకు బల్లకాలు కొరుకుతుంది. గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. ఎదిగిన కుక్క కూడా కొరుకుతుంటే దానికి నడక చాలడం లేదేమో, రోజంతా ఒంటరిగా ఉంటోందేమో చూసుకోండి.

మందు కొట్టించక తప్పకపోతే

గోడ మీద, కర్ర మీద మట్టిదారులు కనిపిస్తే చెదలు. సన్నటి రంధ్రాలు, కింద పొడి ఉంటే తొలిచే పురుగు. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. చెదలు ఎక్కువగా నేలలోంచి వస్తాయి కాబట్టి సామానుకు మాత్రమే మందు పూస్తే లాభం లేదు, గోడ మొదట్లో, నేలలో పని జరగాలి. పురుగు పట్టింది ఒక్క కాలికే అయితే వడ్రంగితో ఆ కాలు మార్పించడం చౌక.

మందు కొట్టే మనిషి వస్తే డబ్బా మీద పేరు చదవండి. ఇంట్లో ఏయే జంతువులు ఉన్నాయో చెప్పండి. తడి పూర్తిగా ఆరి, గాలి ఆడేదాకా వాటిని మరో ఇంట్లో ఉంచండి. ఇలాంటి మందుల్లో చాలావాటికి చేపలు అసలు తట్టుకోలేవు. అక్వేరియం ఉంటే పక్కింటికి చేర్చండి. అది కుదరకపోతే గాలి పంపు ఆపి, మూత గట్టిగా కప్పండి. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు, నేల మీద ఫినాయిలు కూడా కుక్కలకు, పిల్లులకు హానిచేసేవే. బట్టలు ఎండలో ఆరబెట్టి సర్దుకోవడం ఉండల కన్నా మేలు.

మా సోఫా ఇంకా ఉంది. రెండు కాళ్లు మారాయి, తొడుగు మారింది. పక్కన కొబ్బరితాడు గుంజ వెలిసింది. పిల్లి మధ్యాహ్నమంతా సోఫా మీదే పడుకుంటుంది. ఎవరైనా వస్తే మేమే కుర్చీలు వేసుకుంటున్నాం.