‘మన చేతిలో లేదు’ అన్నదెవరు?

పోయిన వారం మా పేట కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడే, ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ. అద్దెగది చూసుకుని బయానా కూడా ఇచ్చాడు. మర్నాడు ఇంటాయన ఏ ఊరు, ఏ పేట అని ఆరా తీసి, బయానా తిరిగి చేతిలో పెట్టాడు. ‘మా చుట్టాలొస్తున్నారు’ అన్నాడంట. మనందరికీ తెలిసిన చుట్టాలే!

నాకు కోపమొచ్చింది. వాడికి రాలేదు. సెల్‌ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. గెడ్డమున్న పాలరాతి తలకాయ, రోము చక్రవర్తి మార్కస్ అరీలియస్. కింద నీతి: మన చేతిలో లేనిదానికి బాధపడకూడదని. ‘ఇదే కరెక్టు కదండీ మాస్టారూ’ అన్నాడు.

ఈ బోధ చేసేవాళ్ళని స్టోయిక్కులంటారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సులో ఒక వసారాలో జీనో మొదలుపెట్టిన బడి అది. గ్రీకులో వసారాని స్టోవా అంటారు, ఆ పేరే నిలిచింది. అయితే చక్రవర్తికి ఈ పాఠం ఒక బానిస నుంచి అందిందని మన పిల్లలకి ఎవరు చెబుతున్నారు?

ఆయన ఎపిక్టెటస్. క్రీ.శ. 50 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న హైరాపోలిస్‌లో పుట్టాడు. కాలు అవిటి. రోములో ఎపఫ్రొడిటస్ దగ్గర బానిస. ఆ యజమానీ ఒకప్పుడు బానిసే, విడుదలై నీరో కొలువులో పెద్దవాడయ్యాడు. బానిసగా ఉండగానే ఎపిక్టెటస్ మ్యుసోనియస్ రూఫస్ పాఠాలు విన్నాడు. తర్వాత విడుదలయ్యాడు. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని తరిమేస్తే గ్రీసులోని నికోపోలిస్ వెళ్ళి బడి పెట్టాడు. తను ఏమీ రాయలేదు, ఆరియన్ అనే శిష్యుడు రాసిపెట్టాడు. దాన్ని చదువుకున్నవాడే అరీలియస్.

ఇక్కడ ఆగాలి. బానిస వెళ్ళి గురువు ముందు కూచున్నాడు! మన గౌతమ ధర్మసూత్రం ఏమంది? వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహమూ లక్కా పొయ్యమంది. శూద్రుడికే ఆ గతైతే ఊరి బయట ఉంచినవాళ్ళ సంగతేంటి? బాబాసాహెబ్ బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది ఇదే. రోము బానిసల్లో వైద్యులున్నారు, లేఖకులున్నారు, గ్రంథాలయాలు చూసేవాళ్ళున్నారు, పంతుళ్ళున్నారు. (కొరడా కూడా ఉంది, మరవొద్దు. స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక క్రీ.పూ. 71లో 6,000 మందిని రోడ్డు పొడుగునా శిలువ వేశారు.)

మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. తను తీసిన కాయల లెక్క రాసుకోడానికి అక్షరం లేదు. కామందు చెప్పిందే లెక్క. ఆ బానిసకి దొరికిన పాఠం దాదాపు రెండువేల ఏళ్ళ తర్వాత కూడా మా నాన్నకి దొరకలేదు.

అలాగని ఎపిక్టెటస్‌ని నెత్తిన పెట్టుకోను. ఒంటికి సంకెలున్నా మనసు స్వేచ్ఛగా ఉండొచ్చన్నాడు గానీ, సంకెల తెంచమనలేదు. ఒంటరిగా దెబ్బలు తిన్నవాడికి ఆ మాట ఊపిరే, ఒప్పుకుంటా. కానీ సైన్యం, ఖజానా, చట్టం అన్నీ చేతిలో ఉన్న చక్రవర్తి కూడా అదే జపం చేస్తే? బానిసత్వం అలాగే ఉండిపోయింది.

సెనెకా అని ఇంకొకాయన. నీరోకి గురువు, మహా ధనవంతుడు. బానిసలూ మనుషులే, పక్కన కూచోబెట్టుకుని భోంచెయ్యండని ఉత్తరం రాశాడు. వదిలెయ్యండని మాత్రం రాయలేదు. మన కోనసీమలో ఇలాంటి మంచి కామందులకి కరువా? పండక్కి పంచె పెడతారు. కౌలు కాగితం రాయమంటే మొహం తిప్పుకుంటారు.

వీళ్ళకంటే అరిస్టాటిలే నయం, దాపరికం లేదు. కొందరు పుట్టుకతోనే బానిసలని, బానిస ప్రాణమున్న పనిముట్టని రాసేశాడు. బానిసత్వం ప్రకృతి కాదు, బలవంతం అనేవాళ్ళున్నారని కూడా అదే పుస్తకంలో ఒప్పుకుని వాళ్ళతో వాదిస్తాడు. ఆ కాలంవాడే ఆల్కిడమస్. దేవుడు అందర్నీ స్వేచ్ఛగా వదిలాడని, ప్రకృతి ఎవర్నీ బానిసని చెయ్యలేదని అన్నాడు. నేను చదువుకున్న పాఠాల్లో సోక్రటీసు, ప్లేటో, అరిస్టాటిల్ ముగ్గురే ఉన్నారు. ఆల్కిడమస్ లేడు.

ప్లేటో మనుషుల్ని బంగారం, వెండి, ఇనుము-కంచు అని విడగొట్టాడు. చాతుర్వర్ణ్యానికి దగ్గర చుట్టం. 1936లో ‘కులనిర్మూలన’లో బాబాసాహెబ్ ఆయన్ని అక్కడే పట్టుకున్నారు. ప్రతి మనిషీ వేరు, మూడు గంపల్లో మనుషుల్నెలా పోస్తారన్నదే ఆ వాదన. అయినా ప్లేటో, ఇనుము కడుపున బంగారం పుడితే పైకి తేవాలన్నాడు. మనువు ఆ పాటి దయ కూడా చూపలేదు.

ఇదంతా విని కుర్రాడు ‘అయితే గది నా చేతిలో ఉందంటారా?’ అన్నాడు. నీ ఒక్కడి చేతిలో లేదురా అన్నాను. జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెడతామంటే 2022 మే 24న ఇదే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అయినా పేరు నిలబడింది. బాధపడకుండా కూచుంటే నిలబడిందా?

మర్నాడు నలుగురం ఇంటాయన దగ్గరికెళ్ళాం. చుట్టాలు ఇంకా రాలేదు, గదికి తాళమే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామని చెప్పి వచ్చాం. ఈసారి పదిమందైనా ఉండాలి. వచ్చేవాళ్ళు పొద్దున్న తొమ్మిదింటికి గడియారస్తంభం దగ్గర కలవండి.