పళ్ళు రాకపోతే తల్లిది నేరమా?

మా మార్టూరు వైపు పిల్లల పళ్ళు గారపడితే నీళ్ళను తిడతాం. పళ్ళే మొలవకపోతే మాత్రం తల్లిని తిడతాం. గ్రహణంలో తిరిగిందట, పుట్టింటి రక్తమట!

ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అనే వంశపారంపర్య లోపంలో పళ్ళు కొన్నే వస్తాయి, వచ్చినవీ మొనదేలి ఉంటాయి. జుట్టు పలచన, చెమట సరిగా పట్టదు. సింధులో ఒకే కుటుంబంలో, నాలుగు తరాల్లో, పదిమంది మగవాళ్ళకు ఇలాగే ఉందని డార్విన్ 1875లోనే రాశాడు. ఎక్కువగా కనిపించే రకంలో జన్యువు తల్లి నుంచే కొడుక్కి వస్తుంది. నిజమే. తండ్రి బట్టతల కొడుక్కి వస్తే నేరమంటున్నామా?

కోడల్ని పుట్టింటికి తరిమితే, మిరప కల్లాల ఎండల్లో ఆ పిల్లాడి ఒంటికి తడిబట్ట చుట్టేదెవరు? మూడు నాలుగేళ్ళకే కట్టుడు పళ్ళు పెట్టించవచ్చని, దవడ పెరిగేకొద్దీ మార్చాలని ఆమెకు ఎవరైనా చెప్పారా?