కాలం మీద నెపం వేయకండి

"ఈ కాలంలో దయా దాక్షిణ్యాలు ఎక్కడివండీ" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తిరుత్తణి రైలెక్కితే చాలు, తిరువళ్లూరు వచ్చేలోపు ఎవరో ఒకరు అంటారు, పక్కవాళ్లు తలూపుతారు. అబద్ధం!

2024 అక్టోబరు 11 రాత్రి, ఆయుధపూజ నాడు, ఈ తిరువళ్లూరు జిల్లాలోనే కవరపేట్టై దగ్గర మైసూరు-దర్భంగా ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. అదృష్టం, ప్రాణాలు పోలేదు. పండగ పూట చీకట్లో పట్టాల మీదికి పరుగెత్తింది ఊరి జనమే. ప్రయాణికులను కల్యాణ మంటపాలకు చేర్చి అన్నం పెట్టారు. వాళ్లలో ఎందరికో తమిళమూ రాదు, తెలుగూ రాదు. భాష రాదని ఎవరూ వెనక్కి తగ్గలేదు.

మరి అదే దయ ఈ జిల్లా ఇటుక బట్టీల దాకా ఎందుకు పోదు?

ఒడిశాలోని బలంగీర్, నువాపడాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. వాళ్ల ఊళ్లోనే అడ్వాన్సు చేతిలో పెట్టి తెస్తారు. తెల్లారకముందే మట్టి తొక్కి, అచ్చు కొట్టి, వరసలు పేరుస్తారు. పచ్చి ఇటుకను ఒక పక్క ఆరగానే రెండో పక్కకు తిప్పేది పిల్లలు. బడికి పోవాల్సిన పిల్లలు! లెక్క వెయ్యి ఇటుకలకింత అని. చేతికి వచ్చేది వారం తిండి ఖర్చు, మిగిలింది అడ్వాన్సు కింద జమ. బాకీ తీరేదాకా కదలనివ్వని బట్టీలు ఉన్నాయి. 2011లో ఈ జిల్లాలో ఒక్క బట్టీ నుంచే వందల మందిని విడిపించాల్సి వచ్చింది. ఇక మన మధ్యే పుట్టిపెరిగిన ఇరుళర్ గిరిజనులు రైసు మిల్లుల్లో తరాల తరబడి పడింది ఇదే అవస్థ.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ అసలు చెల్లదు. తీర్చాల్సిన పనే లేదు. ఆ ముక్క వాళ్లకు ఎవరు చెప్పారు? మనం చెప్పామా?

తీరిక లేదంటారు. అమావాస్యకు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం వేయడానికి తీరిక దొరుకుతుంది. ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి మోసేవాళ్లకు మజ్జిగ పోయడానికి దొరుకుతుంది. పోయండి, మంచి పనే. కానీ కళ్లెదుట దాహంతో నిలబడ్డవాడికే మన దయ పరిమితమా? లోడు ఇటుక ఫోనులో చెబితే ఇంటి ముందు దిగుతుంది. బట్టీ మొహం చూడక్కర్లేదు. ఈ కాలం చేసిన అన్యాయం ఇదే: గుండెను రాయి చేయలేదు, చూడాల్సినదాన్ని కంటికి దూరం చేసింది. ఆ దూరం మనకు హాయిగా ఉంది కాబట్టే దాన్ని ఉండనిస్తున్నాం.

ఇల్లు కడుతున్నారా? ఇటుక ఏ బట్టీదో మేస్త్రిని అడగండి. అక్కడికి వెళ్లండి. అడ్వాన్సు ఎంత, పిల్లలు ఎక్కడ అని అడగండి. తేడా కనిపిస్తే ఆర్డీఓకు అర్జీ పెట్టండి. ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్లో నిఘా కమిటీ ఉండాలని ఆ వెట్టిచాకిరీ చట్టమే చెప్పింది. అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఆ ఆఫీసులోనే నిలదీయండి.